నిలబెడితే ఆగిపోయే కంప్యూటర్

కంప్యూటర్లు బాగు చేసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదట జహీరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్, తర్వాత బస్టాండ్ వెనక వీధిలో నా సొంత దుకాణం. కిందటేడు షట్టర్ దించేశాను. మోకాళ్లు ఇక చాలన్నాయి, నేను సరేనన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే. ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి అని. వాటి సంగతి నాకు తెలియదు. ఏ సర్టిఫికెట్టూ లేకుండానే నా సర్వీసంతా గడిచిపోయింది. నాకు తెలిసిందల్లా ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా చెప్పడం. దుకాణం మూసే ముందు ఏడాది వచ్చిన కేసు ఇది. ఇందులో నేను గట్టి తప్పే చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఎందుకంటే ఆ తప్పు మీరూ చేస్తారు. చాలామంది ఇప్పటికే చేస్తున్నారు కూడా.

సూర్యనారాయణ గారి కాగితం

ముందు మా పాత బాస్ గురించి రెండు మాటలు. సూర్యనారాయణ గారు కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు. మిషన్ చెడిపోయిందని కబురు రాగానే నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. ఆయన దాన్ని నా చేతిలోంచి లాక్కుని కాగితం పెట్టేవారు.

"ముందు చూడవయ్యా. విప్పడం ఎవడైనా విప్పుతాడు" అనేవారు.

ఆ కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క మిషన్ నడిచినప్పుడు ఏమేం ఉన్నాయో, ఇంకో పక్క నడవనప్పుడు ఏమేం ఉన్నాయో రాయాలి. స్టోర్స్‌లో ఒక ప్రింటర్ ఉండేది. పొద్దున బాగానే నడిచి, మధ్యాహ్నం మూడు దాటితే కాగితం పెట్టి ఉన్నా లేదని మొరాయించేది. నేను వరసగా రెండు పార్టులు మార్చాను. బాగుపడలేదు. ఆయన వచ్చి కాగితం రాయించారు. రాస్తూ రాస్తూ తల ఎత్తితే పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా ప్రింటర్ మీద పడుతోంది. లోపల కాగితం ఉందో లేదో చూసే చిన్న కన్ను ఆ వెలుతురుకు మోసపోతోంది. కిటికీకి అట్టముక్క కట్టాం, అయిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. నేను మార్చిన పాత పార్టులు రెండూ నా టేబుల్ మీద పెట్టించి, "రోజూ వీటి మొహం చూడు" అన్నారు.

ఆయనలో నాకు నచ్చనివీ ఉన్నాయి. తన తప్పు తనదే అని ఏనాడూ ఒప్పుకోలేదు. ఆయన తప్పు ఆర్డర్ పెడితే మాటపడింది ఎప్పుడూ కిందివాడే. ఆ గుణం కూడా నాకు కొంత అంటుకుంది. కాగితం రాసే అలవాటు మాత్రం నా దుకాణం పెట్టాక పలచబడింది. పని తెలిసిపోయిందన్న ధీమా వస్తే ఇలాగే అవుతుంది.

దావత్‌లో ఉండి చేసిన వైద్యం

శివలీల సొంతూరు మొగుడంపల్లి. పెళ్లయ్యాక జహీరాబాద్ వచ్చింది. ముందుగదిలో ఒక సెకండ్ హ్యాండ్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని పెళ్లి జాకెట్ల మీద కంప్యూటర్ వర్క్ చేస్తుంది. డిజైన్లు ఎవరి దగ్గరా కొనదు, తనే గీస్తుంది. పాత మిషన్ కాబట్టి దానికి సొంత జ్ఞాపకం లేదు. పక్కనున్న కంప్యూటర్ నుంచి కేబుల్‌లో డిజైన్ వస్తుంటే అది కుడుతుంది, రాకపోతే ఆగుతుంది.

ఒక సోమవారం నేను చుట్టాలింట్లో పుట్టువెంట్రుకల దావత్‌లో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"సార్, కుట్టు నడుమల కంప్యూటర్ ఆగిపోతుంది. నీలం తెరొచ్చి మల్ల మొదటికొస్తుంది. పొద్దుగాల నుంచి నాలుగుసార్లయింది."

"వైరస్ ఉంటది బిడ్డా. ఫార్మాట్ కొట్టి కొత్తగ ఎక్కించుకో. నేనిచ్చిన పెన్‌డ్రైవ్ ఉంది గద."

"మరి నా డిజైన్లు?"

"డి డ్రైవ్‌ల ఉన్నయా?"

"అన్ని దాంట్లనే ఉన్నయి."

"ఇంకేం ఫికర్. డి కి ఏం గాదు."

ఫార్మాట్ కొట్టడమంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించడం. మా ఊళ్లో కంప్యూటర్‌కు ఏం వచ్చినా అదే మందు. ఆ మందు ఊరికి అలవాటు చేసినవాళ్లలో నేనే ముందుంటాను. సి లో విండోస్ పెట్టుకోండి, డి లో మీ సామాను పెట్టుకోండి, ఏం జరిగినా డి క్షేమం అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి పంపాను.

అరగంటకు మళ్లీ ఫోన్.

"సార్, ఈడ సి, డి అని లేవు. ఒకటి, రెండు, మూడు అని ఉన్నయి. ఏది తియ్యాలె?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. కొత్తగా ఎక్కించే తెర మీద అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏదో సైజు చూసి చెప్పాలి. నా ముందు విస్తట్లో బగారన్నం చల్లారుతోంది. "అన్ని తీసెయ్" అన్నాను.

సాయంత్రం మూడోసారి చేసింది. ఎక్కించడం నలభై ఏడు శాతం దగ్గర ఆగిందట, మళ్లీ పెడితే పన్నెండు దగ్గర ఆగిందట. అప్పటికైనా లేచి వెళ్లాల్సింది. నేనేమో, "డిస్క్ మొత్తం ఒకసారి తుడువు. మూడు గంటలు పడ్తది, కానియ్. ఏమన్న మిగిలుంటే పోతది" అన్నాను.

కొత్తవాళ్లకు తేడా తెలియాలి. డిస్క్‌లోని భాగాలు తీసేస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టీ మాత్రమే పోతుంది. ఫైళ్లు చాలావరకు వెనక్కి తీయొచ్చు. మొత్తం తుడిస్తే ప్రతి గడిలోనూ సున్నా రాసుకుంటూ పోతుంది. ఇక ఎవరి తరమూ కాదు. నా రెండో సలహాతో ఆమె డిజైన్లకు ప్రమాదం వచ్చింది, మూడో సలహాతో వాటి పని అయిపోయింది.

నా దుకాణంలో నడిచింది

మంగళవారం పొద్దున ఆమె ఆటోలో కంప్యూటర్ పెట్టె తీసుకుని దుకాణానికి వచ్చింది. సంచిలోంచి ఒక జాకెట్ చెయ్యి తీసి బల్ల మీద పరిచింది. మోచేతి దాకా జొన్నకంకులు, కంకుల మధ్య పిచ్చుకలు. పెళ్లికూతురిది ఝరాసంగం దగ్గర పల్లె. తమ చేను జాకెట్ మీదికి రావాలని అడిగి చేయించుకుంటోందట.

"ఒక చెయ్యి అయింది సార్, ఇంకోటి గాలె. ఐతారం పెండ్లి. శనివారం సాయంత్రం వస్తరు తీస్కపోనీకి."

రాత్రి తుడవడం మాత్రం ఎలాగో పూర్తయిందట. ఫైళ్లు వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఇద్దరం తెర చూస్తూ కూర్చున్నాం. ఒక్క ఫైలు పేరు కూడా రాలేదు.

"అంటే ఏం లేనట్టేనా?" అంది.

"లేనట్టే బిడ్డా."

ఆమె జాకెట్ చెయ్యిని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. "దీన్ని చూసి మల్ల గీసుకుంట. మూడు దినాలు పడ్తది. జర ఇయ్యాల్లనే నడిచేటట్టు చెయ్యుండ్రి" అంది.

మూడు రోజులు గీయడం, ఒక రోజు కుట్టడం. లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక్క పూట కూడా ఎక్కువ లేదు.

పెట్టె బల్ల మీద పెట్టి విండోస్ ఎక్కించాను. ఇరవై ఐదు నిమిషాల్లో ఎక్కేసింది. డిస్క్ పరీక్ష పెట్టాను, మంచిదే. మెమరీ పరీక్ష పెట్టాను, మంచిదే. తీసుకుపొమ్మన్నాను. సాయంత్రం ఏడు కాకముందే ఫోన్ వచ్చింది, నీలం తెర.

బుధవారం నేనే వాళ్లింటికి వెళ్లాను. మిషన్ పక్కన చిన్న స్టూలు మీద పెట్టె నిలబెట్టి ఉంది. మీద గుడ్డ కవరు. తీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టాను. ఎక్కించడం ఒకసారి అరవై మూడు దగ్గర ఆగింది, ఒకసారి తొమ్మిది దగ్గర, ఒకసారి ఎనభై ఒకటి దగ్గర. ఎప్పుడూ ఒకే చోట ఆగితే పెన్‌డ్రైవ్ మీదో డిస్క్ మీదో అనుమానపడాలి. ఎక్కడ పడితే అక్కడ ఆగితే మెమరీ మీదో కరెంటు మీదో. మెమరీ నా దుకాణంలో పాసైంది కాబట్టి కరెంటే అని తీర్మానించాను. పక్కింట్లో పిండిగిర్ని ఉంది. గిర్ని ఆపించాను, ఆగింది. ఎర్తింగ్ చూశాను, యూపీఎస్ తెచ్చి పెట్టాను, డిస్కే మార్చేశాను. అయినా ఆగింది. మధ్యాహ్నం పెట్టె మళ్లీ దుకాణానికి మోసుకుపోతే అక్కడ హాయిగా ఎక్కింది. ఇంటికి తెస్తే ఆగింది.

ఒక మాట దాచుకోను. నాకు ఆ రోజు చాలా సరదాగా గడిచింది. ఇలాంటి చిక్కు వచ్చి ఎన్నేళ్లయిందో. నా దగ్గర నడిచేది ఆమె దగ్గర ఎందుకు నడవదు? అన్నం తింటూ అదే, దారిలో నడుస్తూ అదే. ఇంట్లో నా భార్య రెండుసార్లు పిలిస్తే పలకలేదట. శివలీలకు మాత్రం గీయడానికున్న మూడు రోజుల్లో ఒకటి పోయింది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా నా బుర్రలో ముందున్నది చిక్కే. ఈ పనిలో కుతూహలం లేనివాడు పనికిరాడు. ఉన్నవాడు ఎదురుగా కూర్చున్న మనిషిని మర్చిపోతాడు.

మోకాళ్ల పుణ్యం

గురువారం పొద్దున వాళ్లింట్లో కూర్చుని చాలా ఏళ్ల తర్వాత కాగితం మీద నిలువు గీత గీశాను. ఒక పక్క నా దుకాణం, ఇంకో పక్క ఆమె ఇల్లు. కరెంటు, ప్లగ్గు, తెర, కీబోర్డు, మౌసు, మిషన్ కేబుల్, గది వేడి, అన్నీ రాశాను. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయాను. అన్నీ కొట్టేసినా తేడా అలాగే ఉంది. శివలీల నా కాగితం చూస్తూ పక్కన నిలబడింది. గోడ మీది గడియారం రెండుసార్లు చూసింది.

ఇక పెట్టె విప్పి లోపల చూద్దామనుకున్నాను. స్టూలు చాలా పొట్టిది. వంగబోతే మోకాలు కలుక్కుమంది. "బిడ్డా, దీన్ని జర మంచం మీద పండుకోబెట్టు" అన్నాను. ఆమె పెట్టెను మంచం మీద పక్కకు పడుకోబెట్టింది. విప్పే ముందు ఎందుకైనా మంచిదని ఇంకోసారి ఎక్కించడం మొదలుపెట్టాను. ఇరవై, నలభై, అరవై, తొంభై. ఎక్కేసింది.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

ఆమె పెట్టెను తీసి మళ్లీ స్టూలు మీద నిలబెట్టింది. ఆరు నిమిషాలకు నీలం తెర. పడుకోబెట్టింది, నడిచింది. నిలబెట్టింది, ఆగింది.

"పండుకుంటె మంచిగనే ఉంటది, లేస్తె కండ్లు తిరుగుతయి. మా అత్తమ్మ లెక్కనే ఉంది సార్" అంది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

దుకాణంలో పెట్టెలన్నీ నేను బల్ల మీద పడుకోబెట్టే చూస్తాను. ఎన్నో ఏళ్ల అలవాటు. అలవాటు కాబట్టే అది నా కాగితం మీదికి రాలేదు. మనం కావాలని మార్చినవి మనకు గుర్తుంటాయి, తెలియకుండా మార్చినవి ఉండవు.

పక్క రేకు విప్పి టార్చి వేశాను. ర్యామ్ అనే మెమరీ ముక్క కూర్చునే గాడి చివర ఒక మెరుపు. పట్టకారుతో లాగితే వెంట్రుకంత సన్నని పోగు, గోరంత పొడవు. ఒక కొస గాడిలో ఇరుక్కుంది, రెండో కొస వదులుగా ఉంది. పెట్టె నిలబెడితే ఆ వదులు కొస వేలాడి గాడిలోని పళ్లకు తగులుతుంది. పడుకోబెడితే తగలదు. దుకాణంలో నేను మెమరీకి పెట్టిన పరీక్ష కూడా పడుకోబెట్టే పెట్టాను కదా, అందుకే పాసైంది.

"నీ మిషన్ దారమే బిడ్డా" అన్నాను.

ఆమె పోగు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది. "కాదు సార్. ఇప్పటి మెరుపు దారం ప్లాస్టిక్‌ది, గిట్ల మడత నిలవదు. ఇది పాత రాగి జరీ" అంది. అని, పక్కన పెట్టిన కవరు తీసి తిప్పింది. లోపలి అంచు కుట్టకుండా వదిలేసి ఉంది, పోగులు లేచి ఉన్నాయి. "మా అమ్మ పెండ్లి చీర కొంగుతోని కుట్టిన. చీర చినిగింది గని అంచు మంచిగుండె. పదిహేను దినాలైతుంది ఏసి."

మా ఊళ్లో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువుకూ ఒక కవరు ఉంటుంది. ఫ్రిజ్‌కు, టీవీకి, మిక్సీకి, ఆఖరికి రిమోట్‌కు కూడా. దుమ్ము పడకూడదని ప్రేమగా వేస్తారు. ఈ కవరు అంచు సరిగ్గా గాలి పీల్చే రంధ్రాల మీద పడింది. లోపలి ఫ్యాన్ ఒక్కో పోగునూ లాక్కుంది.

నా మల్టీమీటర్ తీసి జరీ పోగుకు రెండు కొసలా ముళ్లు ఆనించాను. కుయ్యిమంది, అంటే దానిలో కరెంటు పారుతుంది. ఆమె మిషన్ దారానికి ఆనించాను. చప్పుడు లేదు. "జర మల్ల పెట్టుండ్రి" అంది ఆమె. మళ్లీ పెట్టాను. తర్వాత మీటర్ తనే తీసుకుని కవరు అంచు పొడవునా ఒక్కో చోట ఆనిస్తూ వింది.

చెప్పడం

లోపల ఇంకో నాలుగు పోగులు దొరికాయి. బ్రష్షుతో శుభ్రం చేసి, పెట్టె నిలబెట్టి, ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మధ్యాహ్నం పన్నెండయింది. గంట సేపు ఆగకుండా నడిచింది.

ఆ గంటలో నాకు ఒక విషయం అర్థమైంది. సోమవారం నీలం తెర వచ్చింది కూడా ఈ పోగు వల్లే. వైరస్ లేదు, ఏమీ లేదు. ఫార్మాట్ అవసరమే లేదు. నేను దావత్ నుంచి లేచి వచ్చి పెట్టె తెరిచి ఉంటే ఒక్క డిజైన్ కూడా పోయేది కాదు.

ఆ సంగతి ఆమెకు తెలియదు, నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. ఆమె దృష్టిలో నేను మూడు రోజులు కష్టపడి దొంగను పట్టుకున్న పెద్దమనిషిని. సూర్యనారాయణ గారైతే చేతులు దులుపుకుని వచ్చేసేవారు. నేనూ సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్లాను. వెళ్లి వెనక్కి వచ్చాను.

"బిడ్డా, వైరస్ గిట్ల ఏం లేకుండె. ఈ పోగు తీస్తే అయిపోయేది. ఫార్మాట్ అక్కర్లేకుండె. నీ డిజైన్లు నేను చెప్పబట్టే పోయినయి."

ఆమె కవరును పక్కకు జరిపింది.

"మీరు ఆ దినం వచ్చి చూస్తే పోకపోవు" అంది.

"పోకపోవు."

"నేను అడిగిన గద సార్, ఏది తియ్యాలె అని."

"అడిగినవ్. నేనే సోయి లేకుంట చెప్పిన. తప్పు నాదే."

"సరే. జర ఆ కుర్చీ ఖాళీ చెయ్యుండ్రి. నేను గీసుకోవాలె."

ఆ రోజు నుంచి దుకాణం మూసేదాకా ఫోన్‌లో ఎవరికీ ఫార్మాట్ కొట్టమని చెప్పలేదు. మీరూ చెప్పకండి. తుడిచెయ్యమనడం ఈ పనిలో అన్నిటికంటే సుళువైన మాట, అది చెప్పడానికి ఏమీ తెలియనక్కర్లేదు. తుడిచే ముందు ఆ మనిషి పక్కన కూర్చుని, ఇందులో ఏముంది, ఇంకెక్కడైనా ఉందా అని అడగండి. అడిగి, జవాబు వినండి. ఇంతకంటే పెద్ద విద్య నా దగ్గర లేదు.

శనివారం

శనివారం మధ్యాహ్నం మనసు ఆగక వాళ్లింటికి వెళ్లాను. శివలీల కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బల్ల మీద జాకెట్ చేతులు రెండూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. జొన్నకంకులు, పిచ్చుకలు. ఒకదాని మీద ఒకటి పెడితే గింజకు గింజ కలుస్తుంది. రెండు రోజుల్లో ఇంత బాగా ఎలా గీసి కుట్టిందా అని ఆశ్చర్యపోయాను.

"ఏది పాతది బిడ్డా? నాకు పోల్చనీకి వస్తలేదు."

"పాతది లేదు సార్."

నాకు అర్థం కాలేదు.

"చూసి గీసిన గని సరిపోలె. మూడు దినాల పని ఒకటిన్నర దినంల చేస్తిని గద, పిచ్చుక మెడ ఒక తీరుగ ఒంగింది. దిద్దుదామంటె టైం లేదు. అందుకే పాతదాని కుట్టు మొత్తం విప్పేసిన. రెండూ కొత్తయే, రాత్రంత మిషన్ నడిపిన."

"అదొక్కటే గద మిగిలింది. అది ఉంటే ఎప్పటికన్న మల్ల గీసుకుందువు."

"పెండ్లిపిల్ల ఒక చెయ్యి ఒక తీరు, ఇంకో చెయ్యి ఇంకో తీరు ఏసుకొని కూసుంటదా సార్?"

చెయ్యి ఒకటి తీసి తిరగేసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. కొత్త కుట్టు పక్కనే బట్టలో సన్నని రంధ్రాలు వరుసగా కనిపించాయి. పాత సూది దిగిన చోట్లు. వాటి వెంట చూపు పోనిస్తే పాత పిచ్చుక మెడ ఎలా తిరిగిందో తెలుస్తోంది. మంగళవారం నా బల్ల మీద చూసిన పిచ్చుకే. ఎంతసేపు చూశానో నాకు తెలియదు.

శివలీల దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"చూసింది చాలు సార్. వాళ్లు బయల్దేరిన్రట. ఇస్త్రీ చెయ్యాలె."